ఆ పిల్ల చుట్టూ తిరిగి ఎందుకొస్తోంది?

మాది విజయనగరం. కలెక్టరేట్‌కి వెళ్ళే దారిలో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. సోమవారం వచ్చిందంటే పొద్దున్న ఎనిమిదింటికల్లా జనం వచ్చేస్తారు, ఎందుకంటే ఆ రోజు కలెక్టరేట్‌లోనూ ఎస్పీ ఆఫీసులోనూ అర్జీలు తీసుకుంటారు. ఒకప్పుడు స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు, జనం మాత్రం ఎప్పట్లాగే గ్రీవెన్స్ అంటారు. గజపతినగరం నుంచి, నెల్లిమర్ల నుంచి, బొండపల్లి నుంచి బస్సు దిగి నేరుగా షాపుకొచ్చి "అమ్మా, ఓ అర్జీ కొట్టిపెట్టు" అంటారు. పన్నెండేళ్ళుగా ఇదే పని. గట్టు తగాదాలు, ఆగిపోయిన పింఛన్లు, కొడుకులు అన్నం పెట్టని ముసలివాళ్ళు. వీటితో పాటు నేను కొన్ని వందలసార్లు టైపు చేసిన వాక్యం ఒకటుంది: "మా వీధిలో కొందరు అసాంఘిక శక్తులు అసాంఘిక కార్యకలాపాలకు పాల్పడుతున్నారు, కావున తగు చర్య తీసుకోవలసిందిగా కోరుచున్నాము."

ఆ వాక్యం వల్ల ఎవరికీ ఏమీ తెలియదని మా సొంత వీధిలో జరిగేదాకా నాకు తట్టలేదు.

మా వీధి పేరు రాయను. ఇందులో చిన్నపిల్లలున్నారు, వాళ్ళెవరో ఎవరికీ తెలియకూడదు. పెద్ద చెరువుకి మరీ దూరం కాదు, అంతవరకే చెప్తాను. వీధి చివర ఒక ఖాళీ సైటు ఉంది. ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. సైటు నిండా సర్కారు తుమ్మ, పిచ్చిమొక్కలు. దాని పక్కనుంచే సందు, ఆ సందులోంచి వెళ్తే మెయిన్ రోడ్డు రెండు నిమిషాలు. సందులో రెండు కరెంటు స్తంభాలు, రెండింటికీ లైట్లు వెలగడం మానేసి చాన్నాళ్ళయింది.

పోయిన ఏడాది సిరిమానోత్సవం అయిపోయిన వారం. ఊరంతా ఇంకా ఆ సందడిలోనే ఉంది. రోజూ రాత్రి ఏడున్నరకి షాపు కట్టేసి నేను మెయిన్ రోడ్డు మీదుగా నడిచి వస్తాను, మధ్యలో కూరలు కొనుక్కోవాలి కాబట్టి. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే పిల్ల, తొమ్మిదో తరగతి, ట్యూషన్ నుంచి నాతో పాటే అదే రోడ్డు మీద వస్తూ కనిపించడం మొదలైంది. ట్యూషన్ ఉన్నది సందుకి అటు చివర. సందులోంచి వస్తే ఇంట్లో పడేదానికి ఇంత చుట్టూ తిరిగి వస్తోంది. మూడోరోజు అడిగాను, "ఏమ్మా, సందులోంచి రావట్లేదేటి?" అని. "అటేపు చీకటిగా ఉంటాది పిన్నీ" అంది. చీకటి నిన్న కొత్తగా వచ్చింది కాదు కదా. అప్పటికి నేనూ పట్టించుకోలేదు, కూరల సంచి మార్చుకుని ఇంటికొచ్చేశాను.

తర్వాత ఒక్కొక్కటీ కనపడడం మొదలైంది. సందు మొదట్లో పునుగుల బండి పెట్టుకునే అత్త బండిని గుడి దగ్గరకి మార్చేసింది. అక్కడ బేరం తక్కువని ఆవిడే ఎప్పుడూ అనేది. సందులో రాత్రిపూట షటిల్ ఆడుకునే పిల్లలు మానేశారు. రిటైరైన మాస్టారు సాయంత్రం నడకని తెల్లవారుజాముకి మార్చుకున్నారు. ఎవరికి వాళ్ళకి ఏదో ఒక కారణం ఉంది, మోకాళ్ళ నొప్పులని ఒకరు, పరీక్షలని ఒకరు. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే కారణం ఒక్కటే, సాయంత్రం ఆరున్నర తర్వాత ఆ సందులోకి ఎవరూ వెళ్ళట్లేదు.

నేను గట్టిగా నమ్మే మాట ఇదే. వీధిలో తప్పు జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే తప్పు చేసేవాడి కోసం వెతకక్కర్లేదు, ఎవరు దారి మార్చుకున్నారో చూడాలి. చేసేవాళ్ళు చీకట్లో చేస్తారు, మనకి కనపడరు. భయపడేవాళ్ళు మాత్రం పట్టపగలే మన కళ్ళముందు బండి మార్చుకుంటారు, ట్యూషన్ టైము మార్చుకుంటారు, కిటికీ మూసుకుంటారు. మనం వాళ్ళని చూసి "ఏదోలే" అనుకుంటాం.

ఒక ఆదివారం పొద్దున్న ధైర్యం చేసి సైటు ప్రహరీ దగ్గరకి వెళ్ళి చూశాను. క్వార్టర్ సీసాలు, వాటర్ ప్యాకెట్లు, మిక్చర్ కవర్లు ఉంటాయని తెలుసు. గోడ మీద వరసగా చిన్న చిన్న పొగాకు కుప్పలున్నాయి, పొడిగా, గోధుమరంగులో, ఎవరో కూర్చుని వేళ్ళతో నలిపి రాల్చినట్టు. కింద సిగరెట్ల దూదిముక్కలు, వాటి చివర కాలలేదు. కాల్చని సిగరెట్టులో పొగాకు ఎందుకు తీసేస్తారో నాకు అర్థం కాలేదు. మా తమ్ముడికి ఫోటో పెడితే "అక్కా, పొగాకు తీసేసి అందులో గంజాయి కూరుతారు" అన్నాడు. మన ఏజెన్సీ నుంచి, ఒడిశా బోర్డరు నుంచి ఎస్.కోట మీదుగా సరుకు దిగుతుందని పేపర్లో చదువుతూనే ఉంటాం. 2021లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు ఏజెన్సీలో తోటలు నరికించారని కూడా చదివాం. అది మా పిల్లలు షటిల్ ఆడిన గోడ మీద కనపడేసరికి నాకు కాళ్ళు వణికాయి.

మా వీధికి ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులో ఈ విషయం పెట్టగానే అరగంటలో అందరూ కలిసి దొంగని తేల్చేశారు. సందులో ఒక రేకుల గదిలో ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీ పనివాళ్ళు ఐదుగురు అద్దెకుంటారు. "వాళ్ళొచ్చాకే ఇదంతా", "ఖాళీ చేయించండి", "ఆధార్లు చూడండి". ఒకరు వాళ్ళ ఫోటో కూడా తీసి పెట్టారు, పాపం గది ముందు అన్నం వండుకుంటుంటే. నాకు చాలా బాధేసింది. నేనూ ఆ రెండురోజులు వాళ్ళనే అనుమానంగా చూశాను, అది ఒప్పుకోవాలి. మూడోరోజు వాళ్ళలో ఒకతను, రోజూ నా షాపులో ఫోన్ రీచార్జి చేయించుకునే కుర్రాడు, తనంతట తనే వచ్చీరాని తెలుగులో చెప్పాడు. వారం కిందట సైటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు బండి అడ్డంపెట్టి అతని జేబులో ఆ రోజు కూలి ఆరువందలు లాక్కున్నారట. "పోలీసులకి చెప్పలేదేం?" అంటే "మా మాట ఎవరు వింటారు అక్కా, మమ్మల్నే లోపలేస్తారు" అన్నాడు. ఊరంతా ఎవరిని దొంగలన్నారో, అందరికన్నా ముందు నష్టపోయింది వాళ్ళే.

అందుకే ఎవడి మొహం ఎలా ఉంది, ఏ భాష మాట్లాడుతున్నాడు, ఏ పేట నుంచి వచ్చాడు అన్నదాన్ని బట్టి ఫిర్యాదు చేయకూడదు. ఏం చేశాడన్నదే రాయాలి. పిల్లలు క్రికెట్ ఆడి కిటికీ అద్దం పగలగొట్టడం, నలుగురు కుర్రాళ్ళు అరుగు మీద కూర్చుని గట్టిగా నవ్వుకోవడం అసాంఘికం కాదు. మనకి చిరాకే, అంతమాత్రాన అది స్టేషన్‌కి పోయే సంగతి కాదు, ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్తే సరిపోతుంది. అమ్మవారి పండగకి ఒకరోజు పాటలు పెట్టడం వేరు, రాత్రి పది దాటాక కూడా వారమంతా డీజే మోగించడం వేరు. పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 నుంచీ రూలుంది. దారి అడ్డగించడం, డబ్బులు లాక్కోవడం, తిని డబ్బులివ్వకుండా బెదిరించడం, ఆడపిల్ల వెంటపడడం, ఇవి చిరాకులు కావు, నేరాలు.

మా వీధి పెద్దలు అప్పటికే ఒకసారి అర్జీ ఇచ్చారు. నేనే టైపు చేశాను. పైన చెప్పిన ఆ వాక్యమే పెట్టి, కింద ఇరవై ఎనిమిది సంతకాలు. ఏమీ జరగలేదు. తర్వాత వెళ్ళి అడిగితే అక్కడున్న కానిస్టేబుల్ "ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పండమ్మా, రెండుసార్లు వచ్చి చూశాం, ఎవరూ లేరు" అన్నారు. మా వాళ్ళకి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆయన అన్నది నిజమే అనిపించింది. వాళ్ళు వచ్చింది మధ్యాహ్నం మూడింటికి, మేం టైమే రాయలేదు మరి.

ఆ రాత్రి ఒక రెండువందల పేజీల నోటుబుక్కు తీశాను. మాస్టారి మేడ కిటికీలోంచి సైటు బాగా కనపడుతుంది, పుస్తకం ఆయన దగ్గర పెట్టాం. ఎవరినీ ఆపొద్దు, ఎవరితోనూ గొడవ పడొద్దు, ఫోన్ పట్టుకుని దగ్గరకి వెళ్ళి వీడియో తీయొద్దు, కిటికీలోంచి కనిపించింది రాయడమే. ఆయన నలభై ఏళ్ళు హాజరుపట్టీ రాసిన మనిషి, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. "మంగళవారం, రాత్రి 7.10, రెండు బళ్ళు, ఐదుగురు. ఒక బండి నంబరులో చివరి రెండంకెలు కనపడ్డాయి. 7.40కి కేకలు. 8.25కి వెళ్ళిపోయారు." "గురువారం, 6.50, నల్ల బండి ఒక్కటే, ట్యూషన్ గేటు దగ్గర ఆగింది. పిల్లలు బయటికొచ్చాక కదిలింది." ఇలా పంతొమ్మిది రోజులు రాశారు. పదో రోజుకే మాకు లెక్క తెలిసింది, మంగళ, గురు, శనివారాలు, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. ట్యూషన్ ఉండే రోజులూ అవే.

ఆ గురువారం ఎంట్రీ చదివినప్పుడే నాకు ఆ పిల్ల చుట్టూ ఎందుకు తిరిగి వస్తోందో పూర్తిగా అర్థమైంది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మొదట ఏమీ లేదంది, తర్వాత తలుపు దగ్గరగా వేసి ఏడ్చేసింది. నల్ల బండి కుర్రాడు రెండు నెలలుగా వెంటపడుతున్నాడట, నోటికొచ్చిన మాటలంటున్నాడట, ఒకసారి బండితో దారి ఆపేసి ఫోన్ నంబరు అడిగాడట. "పరువు పోతాది వదినా, ట్యూషన్ మాన్పించేస్తాను, నువ్వెక్కడా అనకు" అని చేతులు పట్టుకుంది.

అప్పుడు నాకు తెలిసింది చెప్పాను. పిల్లకి పద్నాలుగేళ్ళు. పద్దెనిమిది లోపు పిల్ల వెంట దురుద్దేశంతో మాటిమాటికీ పడితే అది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కిందకొస్తుంది, మూడేళ్ళ దాకా జైలు. ఆ చట్టం ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే అదీ నేరమే, నేనైనా అంతే. పిల్ల పేరు, ఫోటో, ఇల్లు, బడి ఏదీ బయటికి రానివ్వకూడదని కూడా అందులోనే ఉంది. స్టేషన్‌కి వెళ్ళక్కర్లేదు, ఇంటికే వచ్చి మాట వింటారు, వీలైనంత వరకు ఆడ అధికారే వస్తారు, యూనిఫాంలో రాకూడదు. ఈ చివరి మాటకి ఆవిడ తలెత్తింది. "జీపు రాదా?" అంది. ఆవిడ భయమంతా ఆ జీపు గురించే, అది గుమ్మం ముందు ఆగితే వీధంతా చూస్తుందని.

మర్నాడు ఇద్దరం వార్డు సచివాలయంలో మహిళా పోలీసుగా చేసే అమ్మాయి దగ్గరకి వెళ్ళాం. ఆవిడ ద్వారా కబురెళ్ళింది. రెండోరోజు సాయంత్రం ఒక మేడమ్ నేత చీరలో, చుట్టాలావిడ వచ్చినట్టు ఆటోలో వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, పిల్లని ముందు అడిగిన మాట "నీకు ఏ సబ్జెక్టంటే భయం?" అని. "లెక్కలు" అంది. "నాక్కూడా అదే" అన్నారు. ఆ తర్వాత పిల్ల ముప్పావుగంట మాట్లాడింది, రెండు నెలల్లో వాళ్ళమ్మకి కూడా చెప్పనివన్నీ.

ఆ వారమే మిగతా అర్జీ కొత్తగా కొట్టాను. "అసాంఘిక" అన్న మాట ఒక్కచోట కూడా పెట్టలేదు. ఏ స్తంభానికి ఎంత దూరంలో, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం చేశారు, ఎవరికి నష్టం, మాకు ఏం కావాలి. నోటుబుక్కు జిరాక్సు కుట్టి జతచేశాం. పునుగుల అత్త వేలిముద్ర వేసింది. "ఆ గుంటలు తింటారు, డబ్బులివ్వరు, అడిగితే నూనె మూకుడు తన్నేస్తామంటారు" అని ఆవిడ అన్నది అన్నట్టే రాశాను. ఒడిశా కుర్రాడి ఆరువందల సంగతి అతని సంతకంతో విడిగా ఇప్పించాం. అతను స్టేషన్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతే మాస్టారు భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళారు.

మీకు అవసరం పడొచ్చు కాబట్టి ఇది కూడా చెప్తాను. నేరం జరిగిందని చెప్తే ఎఫ్ఐఆర్ కాపీ మనకి ఉచితంగా ఇవ్వాలి. మా పరిధి కాదు అనడానికి లేదు, ఎక్కడ జరిగినా రాసుకుని అక్కడికి పంపాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. తీసుకోకపోతే అదే విషయం కాగితం మీద రాసి ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 173వ సెక్షన్. అప్పటికప్పుడు జరుగుతున్నదైతే అర్జీ గిర్జీ ఏమీ వద్దు, 112కి ఫోన్ చేయాలి. గంజాయి సంగతైతే మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ అనే పోలీసు విభాగం వాళ్ళ నంబరు 1972 ఉంది. లైట్లు, పిచ్చిమొక్కలు పోలీసుల పని కాదు, వాటికి విడిగా కార్పొరేషన్‌కి ఇవ్వాలి. మేం మొదటి అర్జీలో అన్నీ కలిపేశాం, అందుకే ఎవరూ మా పని అనుకోలేదు.

తొమ్మిది రోజులకి సందులో రెండు లైట్లూ వెలిగాయి. సైటు ఓనరుకి నోటీసు వెళ్ళింది, మనిషిని పెట్టి తుమ్మ కొట్టించాడు. మాస్టారు రాసిన టైముకే మఫ్టీలో వచ్చి కుర్రాళ్ళని పట్టుకున్నారు. నల్ల బండి కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, వేరే పేట, అతని మీద కేసు నడుస్తోంది, దాని గురించి ఇంతకన్నా రాయను. ఇద్దరు పెద్దవాళ్ళని తహశీల్దార్ ఎదుట బైండోవర్ చేశారు, అంటే ఇకమీద బుద్ధిగా ఉంటామని పూచీకత్తు రాయించుకున్నారు. మిగిలిన ఇద్దరికీ పదిహేడు నిండలేదు.

వాళ్ళని పట్టుకున్న రాత్రి ఎవరో మేడ మీంచి తీసిన వీడియో మా గ్రూపులో పెట్టారు. మొహాలు స్పష్టంగా ఉన్నాయి. వెంటనే తీసేయమని గొడవ పెట్టుకున్నాను. పద్దెనిమిది నిండనివాళ్ళు ఎవరో బయటపెట్టకూడదని చట్టం ఉంది, అది పక్కనపెట్టినా ఆ పిల్లలు రేపు ఇదే వీధుల్లో బతకాలి. తీసేశారు, ఈలోపే ఎన్ని ఫోన్లకి వెళ్ళిందో. పట్టుబడ్డ ఆ చిన్నవాళ్ళిద్దరిలో ఒకడు నాకు తెలిసినవాడే. ఆధార్ కరెక్షన్‌కి, స్కాలర్‌షిప్ ఫారానికి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మా షాపుకొచ్చేవాడు.

వాళ్ళమ్మ ఒక సోమవారం జనం అంతా వెళ్ళిపోయాక వచ్చింది. తిడుతుందనుకున్నాను. కౌంటరు మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడింది. "నువ్వే రాశావంట కదా" అంది. అవునన్నాను. "మరి నాకెందుకు సెప్పలేదమ్మా? ఇంట్లో డబ్బులు పోతన్నాయి, ఆడికి కళ్ళు ఎర్రగా ఉంటన్నాయి, నాకు తెలవక జొరమనుకున్నాను" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ గోడ మీద పొగాకు చూసిన రోజు అక్కడ కూర్చునేవాళ్ళకి తల్లులుంటారని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. మత్తు మాన్పించడానికి 14446కి ఫోన్ చేస్తే దారి చెప్తారని, ప్రభుత్వాసుపత్రిలో డీ అడిక్షన్‌కి చూపించొచ్చని, కొద్ది మోతాదుతో పట్టుబడ్డవాళ్ళు తమంతట తాము వైద్యం చేయించుకుంటే కేసు నుంచి బయటపడే వీలు మత్తుమందుల చట్టంలోనే ఉందని చెప్పి, నంబరు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఇచ్చాను. ఆవిడ కొంగు ముడి విప్పి డబ్బులు తీయబోయింది. వద్దన్నాను. ఐదు రూపాయలు కౌంటరు మీద పెట్టే వెళ్ళింది. ఇప్పుడు పిల్లాడిని తీసుకుని ఆసుపత్రికి వెళ్తోంది, నెలకి రెండుసార్లు.

పునుగుల బండి ఇంకా గుడి దగ్గరే ఉంది. షటిల్ మళ్ళీ మొదలైంది, లైటు ఉంది కాబట్టి ఇంకా బాగా ఆడుతున్నారు.

ఆ పిల్ల మాత్రం చుట్టూ తిరిగే వస్తోంది. నిన్న నేనూ తనూ సందు మొదట్లో కలిశాం. "నేనూ వస్తాను, పద, ఇటే వెళ్దాం" అన్నాను. లోపలికి చూసింది, లైట్లు వెలుగుతున్నాయి, నెట్టు కట్టి పిల్లలు ఆడుతున్నారు. రెండో స్తంభం దాకా వచ్చింది. అక్కడ ఆగి, "రేపు పిన్నీ" అంది. ఇద్దరం వెనక్కి తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా ఇంటికొచ్చాం.